ఆఫ్‌సైడ్: కంటికి అందని క్షణం

ఫుట్‌బాల్ నియమావళిలో పదకొండవదైన ఆఫ్‌సైడ్ నియమాన్ని కొద్ది వాక్యాలలో చెప్పవచ్చుగాని, మైదానంలో దానిని అమలు చేయడం అతి కష్టమైన పని. ఎందుకంటే ఒక ఆటగాడు ఎక్కడ ఉన్నాడన్నది మాత్రమే కాక, దూరంగా మరొకచోట సహచరుడి కాలు బంతిని తాకిన క్షణాన అతడు ఎక్కడ ఉన్నాడన్నది ఇక్కడ తేల్చవలసి ఉంటుంది.

ప్రత్యర్థి సగభాగంలో ఉన్న ఆటగాడి తల, మొండెం, కాళ్లలో ఏ కొంత భాగమైనా అటు బంతికన్నా, ఇటు ప్రత్యర్థులలో చివరి నుంచి రెండవవాడికన్నా కూడా గోల్ లైన్‌కు దగ్గరగా ఉంటే అతడు ఆఫ్‌సైడ్ స్థానంలో ఉన్నట్లు లెక్క. చేతులతో గోల్ చేయడం నిషిద్ధం కనుక దాడి చేసేవారి చేతులనూ, డిఫెండర్ల చేతులనూ కొలతలోకి తీసుకోరు. చివరివాడు సాధారణంగా గోల్‌కీపరే అయినందున రెండవవాడంటే చివరి డిఫెండర్ అని ప్రేక్షకులు అనుకోవడం సహజమే అయినా, గోల్‌కీపర్ ముందుకు వచ్చేసినప్పుడు ఆ లెక్క తప్పుతుంది. 2022 ప్రపంచ కప్ తొలి మ్యాచ్‌లో ఖతార్‌పై ఈక్వడార్ మూడవ నిమిషంలోనే చేసిన గోల్ చెల్లకపోవడం చాలామందికి అంతుపట్టకపోవడానికి కారణం ఇదే. అయితే ఆ స్థానంలో ఉండడమే నేరం కాదు. అక్కడ నుంచి ఆటలో కలగజేసుకున్నా, ప్రత్యర్థికి అడ్డుపడినా, ఆ స్థానం వల్ల లాభం పొందినా మాత్రమే శిక్షగా ప్రత్యర్థికి ఫ్రీ కిక్ ఇస్తారు. కార్నర్ కిక్, గోల్ కిక్, త్రో ఇన్‌ల నుంచి బంతి నేరుగా అందితే ఈ నియమం వర్తించదు.

1863లో లండన్‌లో ఏర్పడిన ఫుట్‌బాల్ అసోసియేషన్ తొలి నియమాల ప్రకారం బంతికి ముందున్న ఆటగాడెవరైనా ఆఫ్‌సైడే కావడంతో ముందుకు పాస్ ఇవ్వడానికి దాదాపు వీలే ఉండేది కాదు. 1866లో గోల్‌వైపు ముగ్గురు ప్రత్యర్థులు ఉంటే చాలునన్న సడలింపు వచ్చినా, న్యూకాసిల్ జట్టులోని బిల్ మెక్‌క్రాకెన్ వంటి డిఫెండర్లు సరైన సమయానికి ముందుకు జరిగి ప్రత్యర్థి ఫార్వర్డ్‌లను ఆఫ్‌సైడ్‌లో పడేసే ఎత్తుగడలో ఆరితేరడంతో ఆట పదేపదే ఆగిపోయి, చూసేవారికి విసుగు పుట్టించింది. 1925లో ఆ ముగ్గురిని ఇద్దరికి తగ్గించగానే ఇంగ్లండ్ లీగ్‌లో ఒక సీజన్ గోల్స్ 4,700 నుంచి 6,373కు పెరగగా, ఆ వరదను ఆపడానికి ఆర్సెనల్ మేనేజర్ హెర్బర్ట్ చాప్‌మన్ మధ్య ఆటగాడిని వెనక్కి దింపి మూడవ డిఫెండర్‌గా నిలిపాడు. నియమంలో మారినది ఒక్క అంకె మాత్రమే అయినా, మొత్తం ఆట రూపురేఖలు మారిపోయాయి. 1990 నుంచి రెండవ ప్రత్యర్థితో సమానంగా ఉన్న ఆటగాడిని కూడా ఆఫ్‌సైడ్ కాదనడంతో దాడికి మరికొంత వెసులుబాటు దొరికింది.

పక్క గీత వెంట పరుగెత్తే అసిస్టెంట్ రిఫరీ పొరపాట్లను పక్షపాతంగా భావించడం అన్యాయం, ఎందుకంటే వాటిలో చాలా భాగం జ్యామితి వల్లా, మెదడు పనితీరు వల్లా కలిగేవే. ఆమ్‌స్టర్‌డామ్‌కు చెందిన ఔడెయాన్స్ బృందం 2000లో నేచర్ పత్రికలో చూపినట్లు, అసిస్టెంట్ రిఫరీ డిఫెండర్‌కు సూటిగా కాక కొంత గోల్‌వైపుకు జరిగి ఉన్నప్పుడు అతని చూపు ఏటవాలుగా పడుతుంది. అప్పుడు డిఫెండర్‌కు అవతలి పక్కన సమానంగా ఉన్న ఆటగాడు ముందున్నట్లూ, ఇవతలి పక్కన కొంచెం ముందున్నవాడు వెనుక ఉన్నట్లూ కనిపిస్తారు. దీనికి కాలం చిక్కు తోడవుతుంది. పాస్ ఇచ్చేవాడి కాలి నుంచి డిఫెండర్ల వరుస మీదికి చూపు మళ్లడానికి సెకనులో పదవ వంతు పట్టిందనుకున్నా, ఎదురెదురు దిశలలో కదులుతున్న ఇద్దరు ఆటగాళ్ల సాపేక్ష వేగం సెకనుకు 10 మీటర్లైతే ఆ వ్యవధిలో వారి మధ్య దూరం ఒక మీటరు మారిపోతుంది. పైగా ఏదైనా క్షణిక సంఘటన జరిగినప్పుడు, కదిలే వస్తువు ఆ సమయానికి నిజంగా ఉన్నచోటికన్నా ముందుకు చేరినట్లు మెదడు భావిస్తుంది. ఫ్లాష్ ల్యాగ్ అని శాస్త్రవేత్తలు పిలిచే ఈ భ్రమ వల్ల గోల్‌వైపు దూసుకుపోతున్న ఆటగాడిపై లేని ఆఫ్‌సైడ్‌కు జెండా లేచే అవకాశం పెరుగుతుంది.

ఈ లోపాన్ని పూడ్చడానికే 2022 ప్రపంచ కప్‌లో స్టేడియం కప్పు కింద 12 కెమెరాలను అమర్చి, ఒక్కొక్క ఆటగాడి శరీరంపై 29 బిందువులను సెకనుకు 50 సార్లు గుర్తిస్తూ, బంతిలోని సెన్సర్ ద్వారా కాలు తాకిన క్షణాన్ని సెకనుకు 500 సార్లు నమోదయ్యే సమాచారం నుంచి పట్టుకున్నారు. పైన చెప్పిన వేగం వద్ద సెకనులో 50వ వంతు అంటే 20 సెంటీమీటర్లు, 500వ వంతు అంటే 2 సెంటీమీటర్లు కనుక, క్షణాన్ని ఎంత సూక్ష్మంగా పట్టుకుంటే గీత అంత నిక్కచ్చిగా పడుతుంది. కానీ గోల్ దగ్గర పొంచి ఉండడాన్ని అరికట్టడానికి పుట్టిన నియమం బొటనవేలి కొన ముందున్నందుకు చక్కని గోల్‌ను రద్దు చేయడం నియమం ఉద్దేశానికి విరుద్ధమే. శరీరం మొత్తం డిఫెండర్‌ను దాటితేనే ఆఫ్‌సైడ్‌గా లెక్కించాలని ఆర్సెనల్ మాజీ మేనేజర్ ఆర్సెన్ వెంగర్ చేసిన ప్రతిపాదన ఈ అసంతృప్తి నుంచి వచ్చినదే. అది అమలైతే దాడికి చోటు తప్పక పెరుగుతుందిగాని, కొలత బొటనవేలి నుంచి మడమకు మారుతుందే తప్ప, బంతిని తాకిన క్షణాన్ని అంతే సూక్ష్మంగా పట్టుకోవలసిన అవసరం అలాగే ఉంటుంది.