నేల గొణుగుతోంది.. వింటున్నారా?

2024 డిసెంబరు 4, పొద్దున ఏడున్నర. హనుమకొండలో మా రూమ్. నేనింకా దుప్పట్లోనే ఉన్నా. షెల్ఫులో స్టీలు డబ్బాలు గలగలమన్నాయి, మంచం ఊగింది. రూమ్మేట్ తన్నాడేమోనని తిట్టబోయా. వాడు అప్పటికే చెప్పుల్లేకుండా మెట్లు దిగేస్తున్నాడు! ములుగు జిల్లాలో భూకంపం, తీవ్రత 5.3 అని తర్వాత ఫోన్లో చూశాం. ఇక ఆ రోజంతా మీమ్సే. నేనూ రెండు ఫార్వర్డ్ చేశా.

ఆదివారం ఇంటికెళ్లాక ఆ నవ్వు ఆగిపోయింది. నాన్న ఓ ఫ్లాటుకి అడ్వాన్స్ ఇవ్వబోతున్నారు. ఐదంతస్తుల అపార్ట్‌మెంట్. ఆ జాగా నాకు బాగా తెలుసు. చిన్నప్పుడు అక్కడ చెరువులో బర్రెలు ఈదేవి. తర్వాత మట్టి పోసి చదును చేశారు. ‘కింద ఏముందన్నా?’ అని బిల్డర్‌ని అడిగితే, ‘మన దగ్గర భూకంపాలేంది తమ్ముడూ’ అన్నాడు. భూకంపం వచ్చి వారం కూడా కాలేదు మరి.

తవ్వకుండా కింద ఏముందో తెలుసుకోవచ్చా? అలా వెతుకుతుంటే దొరికిన సంగతే ఇది.

నేల ఎప్పుడూ నిశ్చలంగా ఉండదు. లారీలు, రైళ్లు, బోరు మోటార్లు, మన నడక.. అన్నీ దాన్ని కదుపుతూనే ఉంటాయి. వీటన్నిటికన్నా మొండిది సముద్రం. దాని అలలు పుట్టించే సన్నని వణుకు తీరానికి వందల కిలోమీటర్ల దూరంలో పెట్టిన సీస్మోమీటర్లోనూ కనిపిస్తుంది. చాలాకాలం శాస్త్రవేత్తలకు ఇదంతా చెత్తే. భూకంపం సిగ్నల్‌ని పాడుచేసే రొద. 2020 లాక్‌డౌన్‌లో మనుషులు పుట్టించే ఈ రొద కొన్నిచోట్ల సగం దాకా తగ్గిందంటే మనమెంత గోల చేస్తామో చూడండి.

ఆ చెత్తలోనే అసలు సరుకు ఉంది. ఎలాగంటే.. మీ ఇల్లు, మీ ఫ్రెండ్ ఇల్లు ఒకే రోడ్డు మీద ఉన్నాయనుకోండి. బరాత్ ముందు మీ ఇంటి ముందు నుంచి, కాసేపటికి వాడింటి ముందు నుంచి వెళ్తుంది. ఎంతసేపు పట్టిందో తెలిస్తే మధ్యలో రోడ్డు ఎలా ఉందో చెప్పేయొచ్చు. సీసీ రోడ్డైతే చకచకా, బురదైతే ఈడ్చుకుంటూ. కంపన తరంగాలూ అంతే. గట్టి రాతిలో వేగంగా, మెత్తని మట్టిలో నెమ్మదిగా పోతాయి. చిక్కేమిటంటే నేలలో ఒక బరాత్ కాదు, అన్ని దిక్కుల నుంచీ వేల బరాత్‌లు ఒకేసారి వస్తుంటాయి. అందుకే రెండు పరికరాల రికార్డులను రోజులు, నెలల తరబడి తీసుకుని, ఒకదాని మీద ఒకటి జరుపుతూ కంప్యూటర్ పోల్చి చూస్తుంది. పొంతన లేని గోల ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. రెండుచోట్లా కనిపించిన అల మాత్రం మిగులుతుంది. ఒకచోట సుత్తితో కొట్టి రెండోచోట విన్నట్టే అన్నమాట, సుత్తి లేకుండా!

షపీరో, కాంపియో బృందం 2005లో కాలిఫోర్నియాలో చేసింది ఇదే. ఒక్క నెల రొదతో అక్కడి భూగర్భానికి పటం గీశారు. మట్టి పేరుకున్న లోయలు, గట్టి కొండల వేర్లు విడివిడిగా కనిపించాయి. రీయూనియన్ దీవిలోని అగ్నిపర్వతం బద్దలయ్యే కొన్ని రోజుల ముందు లోపలి తరంగాల వేగం కాస్త తగ్గుతోందని 2008లో మరో బృందం చూపింది. తగ్గింది 0.1 శాతమంత. ఆ కాస్తనే పట్టుకున్నారు!

మరి మా చెరువు సంగతి? దానికి ఇన్ని పరికరాలు అక్కర్లేదు. జపాన్ రైల్వే పరిశోధకుడు యుతాకా నకమురా 1989లో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతిలో ఒక్క సీస్మోమీటర్, అరగంట సమయం చాలు. నేల పక్కలకు ఎంత ఊగుతోంది, పైకీ కిందికీ ఎంత ఊగుతోంది అని పోలుస్తారు. రాతి మీద మెత్తటి మట్టి పొర ఉంటే అది ప్లేటులో జెల్లీలా తనకిష్టమైన లయలో ఊగుతుంది. ఐదంతస్తుల భవనం సుమారుగా సెకనుకు రెండుసార్లు ఊగుతుంది. కింది మట్టి లయ కూడా అదే అయితే ఒకదానికొకటి తోడవుతాయి. 1985లో మెక్సికో సిటీలో జరిగింది ఇలాంటిదే. భూకంపం పుట్టింది 350 కిలోమీటర్లకు పైగా దూరంలో. అయినా పాత సరస్సు మట్టి మీద కట్టిన భవనాలు కుప్పకూలాయి, వేలమంది పోయారు. ఆ నగరంలోనే గట్టి నేల మీదున్నవి చాలావరకు నిలబడ్డాయి.

ఉండబట్టలేక ఓ రాత్రి ఆ సైట్‌కెళ్లి ఫోన్ నేల మీద పెట్టి సెన్సర్ యాప్ ఆన్ చేశా. గీతలు బాగానే వచ్చాయి. కానీ అవి నా ఫోన్ సొంత గోలట! భూకంపం ఊపును ఫోన్ పట్టగలదు, ఆండ్రాయిడ్ అలర్టులు నడిచేది దాంతోనే. ఈ గొణుగుడు దానికి అందదు. వాచ్‌మన్ టార్చి వేసి ‘ఏం పోగొట్టుకున్నవ్ బాబూ?’ అన్నాడు. ఏం చెప్పాలి!

ఇదంతా నాన్నకి చెప్పా. సగం అర్థమైందన్నారు. ఈ పరీక్ష ఉంటే బోరు వేసి చేసే సాయిల్ టెస్ట్ అక్కర్లేదని కాదు, రెండూ కావాలని మరీ మరీ చెప్పా. ఆయన బిల్డర్‌కి ఫోన్ చేసి, ముందు మట్టి రిపోర్టు చూపించమన్నారు. ‘పంపిస్తా సార్’ అన్నాడట. పది రోజులైంది. అడ్వాన్స్ డబ్బులు ఇంకా అమ్మ బీరువాలోనే ఉన్నాయి.