ఇరుసుకూ దారానికీ మధ్య

సంక్రాంతి సెలవులకి నర్సీపట్నం వచ్చిన మా మేనల్లుడు జేబులోంచి ఒక లోహపు యోయో తీశాడు. నీలం రంగుది. చేతిలోకి తీసుకుంటే చల్లగా, చూపుకి అనిపించినదానికంటే బరువుగా ఉంది. వాడు వేలికి దారం తగిలించుకుని విసిరాడు. అది దారం చివరకి దిగి, అక్కడే చప్పుడు లేకుండా తిరుగుతూ నిలబడిపోయింది. నేనూ తీసుకుని విసిరాను. చిన్నప్పటి అలవాటు కొద్దీ మణికట్టు పైకి లాగాను. రాలేదు. ఇంకోసారి లాగాను. ఊహూఁ.

"పాడైపోయినట్టుందిరా," అన్నాను.

"లేదు మావయ్యా. అది రాకూడదు. లాగగానే వచ్చేస్తే పోటీకి పనికిరాదు."

యోయో అన్నాక తిరిగి రావాలి కదా! దాని గుణమే అది. రాని యోయోని గొప్పదనడం నాకు వింతగా తోచింది. మా బీరువాలో ఏటికొప్పాకలో కొన్న చెక్క యోయో ఒకటి ఉంది, ఎరుపూ పసుపూ లక్క పూసింది. రెంటినీ బల్ల మీద పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాను. రెంటికీ రెండేసి బిళ్ళలు, మధ్యన ఒక ఇరుసు, ఆ ఇరుసుకి దారం. రెండూ లేత్ మీద తిరిగి వచ్చినవే. ఒకటి లాగితే వస్తుంది, రెండోది రాదు. ఈ తేడా వెనక వందేళ్ల కథ ఉంది. అదంతా జరిగింది ఇరుసుకూ దారానికీ మధ్య ఉన్న చిటికెన వేలంత చోటులోనే.

క్రికెటర్ల వార్తల్లో కనిపించే యోయో టెస్టుకీ దీనికీ సంబంధం లేదు. అది పరుగు పరీక్ష. తీర్థాల్లో రబ్బరు తాడుకి కట్టి అమ్మే నీళ్ల బంతి కూడా ఇది కాదు. నేను చెబుతున్నది బొంగరానికి దగ్గర చుట్టం గురించి.

ఈ బొమ్మ వయసు చాలా పెద్దది. క్రీస్తు పూర్వం 440 ప్రాంతపు గ్రీకు మట్టిపాత్ర ఒకటి బెర్లిన్ మ్యూజియంలో ఉంది. దాని మీద ఒక కుర్రవాడు ఇలాంటి చక్రాన్ని ఆడిస్తూ కనిపిస్తాడు. మన దేశంలో 1770 ప్రాంతంలో రాజస్థాన్‌లో గీసిన సూక్ష్మచిత్రంలో ఒక స్త్రీ యోయో ఆడుతోంది. ఫ్రెంచి విప్లవం నాటికి ఐరోపా సంపన్నుల చేతుల్లోకి వచ్చింది. ఇంగ్లీషువాళ్లు దాన్ని బండలోర్ అన్నారు. 1866లో అమెరికాలోని సిన్సినాటికి చెందిన హేవెన్, హెట్రిక్ అనే ఇద్దరు దానికి పేటెంటు తీసుకున్నారు. ఫిలిప్పీన్స్ వేటగాళ్లు చెట్టెక్కి దీన్ని ఆయుధంగా విసిరేవారన్న కథ ఒకటి ప్రచారంలో ఉంది. వినడానికి బాగుంటుంది గానీ దానికి ఆధారం లేదు.

బండలోర్‌లో దారాన్ని ఇరుసుకి ముడి వేసి కట్టేవారు. ముడి ఉంటే చక్రానికి రెండే పనులు: దిగడం, ఎక్కడం. కిందికి దిగుతున్నప్పుడు దాని ఎత్తూ, మన చేతి విసురూ కలిసి తిరుగుడుగా మారతాయి. దారం అయిపోగానే ఆ తిరుగుడే దారాన్ని ఎదురు దిశలో చుట్టుకుంటూ చక్రాన్ని పైకి తెస్తుంది. దారి మధ్యలో రాపిడికి పోయినంత శక్తిని మన చేయి చిన్న లాగుతో తిరిగి ఇస్తుంది. చూడముచ్చటగానే ఉంటుంది, కాకపోతే పది నిమిషాలు ఆడాక చేయడానికి ఇంకేమీ ఉండదు.

ముడి విప్పింది ఫిలిప్పీన్స్ వాళ్లు. అక్కడి బొమ్మలో దారాన్ని ఇరుసుకి కట్టరు. పొడవాటి దారాన్ని రెండు పేటలుగా మడిచి, పురిపెట్టి, మడత దగ్గర ఏర్పడే ఉచ్చులో ఇరుసుని కూర్చోబెడతారు. ఇప్పుడు చక్రం కిందికి దిగాక ఆ ఉచ్చులోనే తిరుగుతూ ఉండిపోగలదు. బొంగరం ఒకచోట కదలకుండా తిరుగుతుంటే నిద్రపోయిందంటాం. యోయో ఆడేవాళ్లూ దీన్ని నిద్ర అనే అంటారు. నిద్రలో ఉన్నదాన్ని లేపాలంటే చిన్న లాగు చాలు. లాగగానే చక్రం కాస్త ఎగిరి దారం వదులవుతుంది, వదులైన దారం ఇరుసుని పట్టుకుంటుంది, చక్రం పైకి ఎక్కేస్తుంది.

ఈ ఉచ్చుని అమెరికాకి తీసుకెళ్లినవాడు పెద్రో ఫ్లోరెస్. ఫిలిప్పీన్స్‌లోని ఇలోకోస్ నోర్తే ప్రాంతపు మనిషి. కాలిఫోర్నియాలోని శాంతా బార్బరాలో హోటల్ సామాను మోసే పని చేస్తూ 1928లో యోయోల కంపెనీ పెట్టాడు. కొద్దికాలానికే డొనాల్డ్ డంకన్ అనే వ్యాపారి ఆ కంపెనీని కొనేశాడు. యోయో అన్న మాట కూడా చాలా ఏళ్లు డంకన్ సొత్తుగానే చలామణీ అయింది. అది ఫిలిప్పీన్స్‌లో అందరూ వాడే మామూలు మాటేనని 1965లో అమెరికా కోర్టు తేల్చింది. ఫ్లోరెస్ పేరు ఇవాళ ఎంతమందికి తెలుసు? నాకు ఈ కథలో అన్నిటికంటే పెద్ద ఆవిష్కరణ తర్వాత వచ్చిన బేరింగూ కాదు, టైటానియమూ కాదు. ఎవరు మొదట చేశారో పేరైనా మిగలని ఆ దారపు ఉచ్చు.

1932లో లండన్‌లో జరిగిన ప్రపంచ పోటీలో హార్వీ లో అనే 13 ఏళ్ల కెనడా కుర్రవాడు గెలిచాడు. అతని చేతిలో ఉన్నది చెక్క ఇరుసూ నూలు దారమూ. చెక్కకీ నూలుకీ మధ్య రాపిడి ఎక్కువ. మంచి ఆటగాడి చేతిలో కూడా నిద్ర కొద్ది సెకన్లే. ఇక్కడ నాకు ఏటికొప్పాక గుర్తొస్తుంది. అక్కడి లేత్ మీద అంకుడు కర్ర వేగంగా తిరుగుతుంటే దానికి లక్క కడ్డీని ఆనిస్తారు. ఆ రాపిడి వేడికే లక్క కరిగి చెక్క మీద పూతగా పరుచుకుంటుంది. వేరే పొయ్యి అక్కర్లేదు. బొమ్మకి రంగునిచ్చే ఆ రాపిడే యోయోకి శత్రువు. అక్కడినుంచి కథ అంతా ఆ శత్రువుని ఎదుర్కోవడమే.

మొదట బరువుని జరిపారు. ఒకే బరువూ ఒకే వ్యాసమూ ఉన్న రెండు వస్తువులు తీసుకోండి, ఒకటి నిండు బిళ్ళ, రెండోది బరువంతా అంచునే ఉన్న గాజులాంటి చట్రం. ఒకే వేగంతో తిప్పితే చట్రంలో దాగే శక్తి బిళ్ళలోదానికి రెట్టింపు. దాన్ని ఆపడానికీ, పక్కకి వంచడానికీ అంత కష్టపడాలి. రాపిడి అంతే ఉన్నా నిద్ర ఎక్కువసేపు సాగుతుంది. ప్లాస్టిక్ వచ్చాక బరువుని అంచుకి నెట్టడం తేలికైంది. 1958లో డంకన్ కంపెనీ సీతాకోకచిలుక ఆకారంలో యోయో తెచ్చింది. పాత యోయో రెండు బన్నుల్ని ఎదురెదురుగా ఉంచినట్టుంటే, ఇందులో బిళ్ళల్ని తిరగేసి బయటివైపుకి విచ్చుకునేలా అమర్చారు. నోరు వెడల్పైంది కాబట్టి తిరుగుతున్న చక్రాన్ని దారం మీద దించి నిలబెట్టడం సులువైంది. ఇవాళ్టి పోటీ యోయోల్లో చాలావరకు ఒకరకంగా ఆ సీతాకోకచిలుక పిల్లలే.

1980 ప్రాంతంలో మైకేల్ కఫ్రే తెచ్చిన యోమెగా యోయోలో ఒక క్లచ్ ఉండేది. స్కూటీ నడిపేవాళ్లకి అది వెంటనే అర్థమవుతుంది. యాక్సిలరేటర్ తిప్పితే క్లచ్ లోపలి దిమ్మలు వేగానికి బయటికి విచ్చుకుని చక్రాన్ని పట్టుకుంటాయి. యోమెగాలో ఇదే తిరగేసి ఉంటుంది. వేగంగా తిరుగుతున్నప్పుడు చిన్న ఉక్కు గుళ్లు బయటికి జరిగి ఇరుసుని వదిలేస్తాయి, చక్రం నిద్రపోతుంది. వేగం తగ్గగానే స్ప్రింగులు వాటిని లోపలికి తోసి ఇరుసుని పట్టుకుంటాయి, చక్రం తనంతట తానే పైకొస్తుంది. పిల్లలకి అది వరం. నిపుణులకి మాత్రం చిక్కు. ఎప్పుడు రావాలో బొమ్మ తేల్చేస్తే ఆటగాడికి ఇక పనేముంది?

అసలు మలుపు బేరింగు. శాన్‌ఫ్రాన్సిస్కోలో టామ్ కూన్ అనే పళ్ల డాక్టరు ఉండేవాడు. 1970ల చివర్లోనే విడగొట్టి బిగించుకునే చెక్క యోయో చేశాడు. 1990లో అల్యూమినియం ఒంటికి బాల్ బేరింగు పెట్టి సిల్వర్ బుల్లెట్ 2 అనే యోయో తెచ్చాడు. ఇప్పుడు దారం ఇరుసుని తాకదు. బేరింగు బయటి కడియం మీద కూర్చుంటుంది. దారం, కడియం నిలకడగా ఉంటే లోపల దొర్లే ఉక్కు గుళ్ల మీద ఇరుసు తిరుగుతుంది. సెకన్లలో ఉన్న నిద్ర నిమిషాల్లోకి వెళ్లింది. ఇవాళ పోటీల్లో ఎక్కువగా కనిపించే బేరింగుకి లోపలి రంధ్రం 6.35 మిల్లీమీటర్లు, బయటి వ్యాసం 12.7, వెడల్పు 4.76. ఇంత చిన్నదాని కోసం ఆటగాళ్లు పడే తపన చూడాలి. విప్పి కడుగుతారు, ఆరబెడతారు, ఒక చుక్క పల్చటి నూనె వేస్తారు. ఆ కడియం మధ్యలో పల్లం తీసి, దారం గోడలకి తగలకుండా నడుమనే ఉండేలా చేసిన బేరింగులూ తర్వాత వచ్చాయి.

ఇక నిద్ర నిమిషాలపాటు సాగుతున్నప్పుడు లాగగానే వచ్చే గుణం అడ్డమవుతుంది. ఆటగాడు దారాన్ని వేళ్ల మధ్య త్రికోణాలుగా, ఊయలలుగా మడిచి, చక్రాన్ని ఒక మడతలోంచి ఇంకో మడతలోకి దూకిస్తుంటాడు. ఒక్క మడత వదులై లోపలికి జారినా చక్రం దాన్ని పట్టేసి, ఆట మధ్యలో ముఖం మీదికి ఎగిరొస్తుంది. అందుకే 2000 తర్వాత బిళ్ళల మధ్య సందు పెంచారు. దారాన్ని పట్టే రబ్బరు అంచుల స్థానంలో గోడలో లోతుగా అమర్చిన పల్చటి సిలికాన్ బిళ్ళలు వచ్చాయి. మామూలు లాగుకి అవి దారాన్ని పట్టవు. మరి యోయో చేతికి ఎలా వస్తుంది? ఆటగాడే దారాన్ని మెలితిప్పి ఒక మడతని సందులోకి దోపుతాడు. మూడు నాలుగు పేటలు ఒకేసారి పడేసరికి సందు బిగుసుకుంటుంది, సిలికాన్ పట్టుకుంటుంది, చక్రం ఒక్క ఉదుటున పైకొస్తుంది. దీన్ని బైండ్ అంటారు. మా వాడు నాకు నేర్పింది అదే. రెండు రోజులు పట్టింది.

దారమూ మారింది. నూలు దారం తొందరగా తెగుతుంది, రాపిడి ఎక్కువ. ఇప్పుడందరూ పాలిస్టర్ వాడుతున్నారు. పోటీ ఆటగాడికి అది రోజువారీ ఖర్చు.

లోహాల సంగతి మాత్రం వివరంగా చెప్పాలి. ఇవాళ ఛాంపియన్ల యోయో సుమారు 65 గ్రాములుంటుంది, వ్యాసం 55 మిల్లీమీటర్లకి అటూ ఇటూ. కంప్యూటర్ నడిపే లేత్ మీద అల్యూమినియం కడ్డీ నుంచి ఒక్కో సగాన్ని తీస్తారు. నడుమ పల్చగా, అంచు మందంగా. అక్కడితో ఆగక అల్యూమినియం ఒంటికి ఉక్కు కడియాలు బిగించడం మొదలుపెట్టారు. ఉక్కు సాంద్రత అల్యూమినియానికి దాదాపు మూడు రెట్లు. అంచున కొద్ది ఉక్కు ఉంటే చాలు, నడుమ మిగతా బరువు తీసేయొచ్చు. టైటానియం యోయోలూ ఉన్నాయి, వాటి ధర వింటే గుండె ఆగుతుంది. అయితే ఖరీదే గెలిపిస్తుందనుకోకండి. 2014లో ప్రాగ్‌లో జరిగిన ప్రపంచ పోటీలో ఒంటి చేతి విభాగం గెలిచిన జెంట్రీ స్టెయిన్ చేతిలో ఉన్నది షటర్, ఉక్కు అంచులు లేని ఒట్టి అల్యూమినియం యోయో. మూడు నిమిషాల ఆటలో న్యాయనిర్ణేతలు చిన్న క్లిక్కర్లతో ప్రతి విన్యాసాన్నీ లెక్కపెడతారు. వాళ్ల వేళ్ల కింద పడేది చేతి పనే.

రెండు చేతులతో రెండు యోయోల్ని గుండ్రంగా విసిరే విభాగం ఇంకోటి ఉంది. అక్కడ ప్రతి విసురుకీ యోయో తిరిగి రావాల్సిందే. అందుకని ఆ ఆటగాళ్లు ఇప్పటికీ గుండ్రటి, ఇరుకు నోటి ప్లాస్టిక్ యోయోలే వాడతారు. దారం యోయోకి అసలు కట్టకుండా గాలిలోకి ఎగరేసే విభాగంలో పెద్ద చక్రాలు కావాలి. స్టీవ్ బ్రౌన్ అనే అమెరికన్ దారాన్ని వేలి నుంచి తీసేసి ఆ కొసకి చిన్న బరువు కట్టాడు. పాచిక కట్టినా సరిపోతుంది. దానికీ ఒక విభాగం పుట్టింది. దారం ఇరుసుని వదిలించుకున్నట్టే చివరికి చేయి దారాన్ని వదిలేసింది.

భూమిని వదిలి వెళ్లిన యోయో కూడా ఉంది. 1985 ఏప్రిల్‌లో డిస్కవరీ వ్యోమనౌకలో వ్యోమగామి డేవిడ్ గ్రిగ్స్ యోయో ఆడాడు. విసిరితే వెళ్లింది, వచ్చింది, నిద్ర మాత్రం పోలేదు. చక్రాన్ని దారం చివర పట్టి ఉంచే బరువు అక్కడ లేదు. నిద్రకి భూమి కూడా ఒక చేయి వేస్తుందని మనకి ఇక్కడ ఉన్నంతసేపూ తట్టదు.

సెలవులు అయ్యేలోగా మా వాణ్ని ఏటికొప్పాక తీసుకెళ్లాను. వరాహ నది ఒడ్డున ఊరు. 2017లో ఈ బొమ్మలకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. గింజలు, బెరడు, ఆకులు, వేర్లతో రంగులు చేసే పద్ధతిని తిరిగి నిలబెట్టిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. పసిపిల్లలు బొమ్మని నోట్లో పెట్టుకుంటారు కదా, ఆ రంగుల విలువ అక్కడ తెలుస్తుంది. ఒక పెద్దాయన లేత్ ముందు కూర్చుని బొంగరాలు తీస్తున్నాడు. మా వాడు యోయో ఆయన చేతికిచ్చాడు. ఆయన దాని రంగు చూడలేదు. బొటనవేలితో అంచు చుట్టూ ఒకసారి తడిమి, ఇరుసు రెండు కొసలూ వేళ్ల మధ్య పట్టుకుని తిప్పి, చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"వణుకు లేదు బాబూ. ఇదీ లేత్ మీద తీసిందే కదా?"

"అవును తాతా. మెషీనే తీస్తుంది."

"మెషీను సరే. ఇక్కడ ఇంత పల్చగా తీసి అంచున బరువు ఉంచాలని దానికి ఎవరో చెప్పాలి గదా," అని బిగించి ఉన్న బొంగరం మీదికి మళ్లీ ఉలి ఆనించాడు.