తుపాకి గుర్రం వెల ఎంత?

తుపాకి అనేది తురుష్కుల నుండి వచ్చిన మాట. అయినా దాని అవయవాల పేర్లు మన పలుకుబడిలో ఏనాడో కలసిపోయినవి. చెకుముకిరాతిని నోట కరచి ముందుకు దూకేది గుర్రం. రవ్వ పడగానే అంటుకొనే మందు రంజకం. గొట్టంలో మందు దట్టించే కడ్డీ గజం. భుజానికి ఆనించేది మడమ. ఈ పేర్లు నిఘంటువులలో పదిలంగా ఉన్నవి. ఆ వస్తువులు మాత్రం ఒకదాని నుండి ఒకటి విడిపోయి ఎవరెవరి చేతులలోనో తిరుగుతున్నవి. పాత ఆయుధాలను సేకరించేవారు దేశదేశాలలో ఉన్నారు. వారిలో ఒకరి తుపాకికి గుర్రం ఉండదు, మరొకరి దానికి మర ఉండదు. ఆ లోటు తీర్చే అసలు భాగం దొరికితే, ఇనుము తూకంతో నిమిత్తం లేకుండా వెల పలుకుతుంది.

ఆదోని, యెమ్మిగనూరు, సి.బెళగల్ సీమలో ఈ ప్రసక్తి ఎందుకని పాఠకులు అడుగవచ్చును. ఈ నేల చరిత్రయే అందుకు సమాధానం. 1786లో టిప్పు సుల్తాను ఆదోనిని ముట్టడించి పట్టుకొని కోటగోడలు పడగొట్టించినాడు. 1800లో ఈ దత్తమండలాలు కంపెనీ వశమైన తరువాత మన్రో దొర పాళెగాండ్ర బలగాలను అణచివేసినాడు. 1839లో కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాను కోటలో కుప్పలుగా దాచిన ఫిరంగులు, మందుగుండు, పోత కొలుములు బయటపడినవి. నవాబు పదవి పోయినది, రాజ్యమూ పోయినది. ఇన్ని ఆయుధాలు తిరిగిన తుంగభద్ర తీరంలో, ఏ పాత ఇంటి అటకమీదనో చెదలు తిన్న తుపాకి ఒకటి మిగిలి ఉండుట వింత కాదు.

సి.బెళగల్‌లో ఒక రైతు ఇంట అటువంటిది ఉన్నదనుకొందాము. కొయ్య పుచ్చిపోయినది, గొట్టం తుప్పుపట్టినది, గుర్రం మాత్రం చెక్కుచెదరలేదు. దాని వెల కట్టుట ఎట్లు?

మొదట తెలియవలసినది ఒకటి ఉన్నది. ఆనాటి తుపాకి అచ్చున పోసిన సరుకు కాదు. కమ్మరి ఒక్కొక్క భాగాన్ని ఆకురాయితో అరగదీసి, దాని జోడు భాగానికి సరిపడేటట్లు కూర్చినాడు. ఒక తుపాకి మర మరొక తుపాకిలో ఎక్కదు. ఏ భాగం దేనిదో మరచిపోకుండుటకు లోపలివైపు చిన్న గాట్లు పెట్టే ఆచారం ఉండెడిది. భాగాలన్నిటిపై ఆ గాట్లు కలిస్తే అవి పుట్టినప్పటి నుండి కలసి ఉన్నవని అర్థం. మరల చుట్లకు ఒక సామాన్యమైన కొలత ఇంగ్లండులో 1841లో విట్‌వర్త్ ప్రతిపాదించినదే. కనుక టిప్పు కాలపు తుపాకిలో నేటి కొలత మర కనబడితే అది తరువాత చేరినదని తెలిసిపోవును.

రెండవది మార్పు. 1840ల నాటికి చెకుముకిరాయి పోయి, రాగి టోపీ మీద సుత్తి పడే పద్ధతి వచ్చినది. వేలాది పాత తుపాకులకు గుర్రాలు తీసివేసి సుత్తులు బిగించినారు. అందుచేతనే మొదటి గుర్రం అరుదైనది. అరుదైనది గనుకనే నకళ్లు వచ్చినవి. మూడవది ముద్ర. కంపెనీ తుపాకులపై మొదట హృదయాకారపు గుర్తు, తరువాతి కాలంలో కాళ్లెత్తి నిలిచిన సింహం కనబడుతవి. అమ్మబోయేవాడు మెరుపు కోసం ఇసుక కాగితంతో రుద్దితే ఆ ముద్రతో పాటు వెల కూడ అరిగిపోవును.

అన్నిటికంటె మిన్న ఆనవాలు. 2015లో లండను నగరంలో బాన్‌హామ్స్ వేలంలో టిప్పు సుల్తాను వేట తుపాకి ఒకటి 7 లక్షల 22 వేల పౌండ్లకు పైగా పలికినది. ఎవరు చేసినది, ఎవరి ఆయుధశాలలోనిది అన్న సంగతి దాని వెంట నడచి వచ్చినది. అదే పనితనం గల వస్తువు ఊరూ పేరూ లేకుండ వచ్చినచో ఆ ధర కలలోని మాట.

దళారి వచ్చి, గుర్రం ఒక్కటి విప్పి ఇమ్మని అడిగినప్పుడు ఆలోచించవలసినది ఇదియే. కొయ్య మట్టిలో కలసిపోయిన తుపాకి నుండి తీసిన గుర్రం మరొక దానికి ప్రాణం పోయగలదు, అది మేలే. కాని నిండుగా ఉన్నదానిని ముక్కలుగా విప్పి అమ్మినచో, ఒకదానికొకటి సాక్ష్యమిచ్చే భాగాలు మూగవి అగును. ముక్కల మొత్తం వెల ఎక్కువ కావచ్చును, చరిత్ర మాత్రం సున్న.

చట్టం కూడ తెలిసి ఉండవలెను. 1959 నాటి ఆయుధాల చట్టం ‘ఆయుధం’ అన్న మాటలోనే దాని భాగాలను కూడ చేర్చినది. 45వ సెక్షను కొంత మినహాయింపు ఇచ్చినది: మరమ్మతు చేసినా పేలని పురాతన ఆయుధాలకు, ఎవరివద్దనూ ఉన్న జోడు భాగాలతో కలిపి వాడే ఉద్దేశం లేని చిన్న భాగాలకు. పేలునో పేలదో నిర్ణయించుట ఇంటివారి పని కాదు, అధికారులను అడుగుట మేలు. నూరేండ్లు దాటిన పురావస్తువును 1972 నాటి చట్టం ప్రకారం సొంతంగా విదేశాలకు పంపరాదు. దేశంలో వాటి వ్యాపారానికి లైసెన్సు ఉండవలెను. లండను ధర విని ఆశపడేవారు ఈ రెండు మాటలను మరువరాదు.

కనుక విప్పకముందే ఫొటో తీయించండి. ముద్రలను, గాట్లను కాగితంపై ఎక్కించండి. ఇంటి పెద్దలు చెప్పే మాటను, అది ఎవరి కాలంలో, ఏ ఊరినుండి వచ్చినదో, వారి నోట విన్నది విన్నట్లు వ్రాసి ఉంచండి. అమ్మినా, పురావస్తుశాలకు ఇచ్చినా ఆ కాగితం వస్తువు వెంట పోవలెను. గుర్రాన్ని ఇంకొక కమ్మరి చేయగలడు. ఆ కాగితాన్ని మాత్రం ఆ ఇంటివారు తప్ప మరెవ్వరూ వ్రాయలేరు.