పాత ఇనప కొట్టులో సీసియం

2020 జనవరి. సంక్రాంతి నెల. గోదావరి జిల్లాలన్నీ పండగ కబుర్లలో ఉన్న ఆ రోజుల్లో రాజమండ్రిలో ఓఎన్‌జీసీకి చెందిన ఒక కంటైనర్ కనబడకుండా పోయింది. అందులో ఉన్నది సీసియం-137 అనే రేడియోధార్మిక పదార్థం. పోలీసులు వెతగ్గా వెతగ్గా చివరికి అది కలిదిండిలో దొరికింది. అప్పట్లో కృష్ణా జిల్లా, ఇప్పుడు ఏలూరు జిల్లా. దొరికిన చోటు పాత ఇనప సామాన్లు కొనే కొట్టు.

అప్పుడు నేను స్కూల్లో ఉన్నాను. "హమ్మయ్య, దొరికింది కదా" అనుకుని పేపర్ పక్కన పడేశాను. మొన్న ఫిజిక్స్ ల్యాబ్‌లో జీఎమ్ కౌంటర్ ప్రయోగం చేస్తుంటే మళ్ళీ గుర్తొచ్చింది. చొక్కా బొత్తాం అంత సోర్సు బయటికి తీసేముందు సార్ మాకు పది జాగ్రత్తలు చెప్పారు. మరి ఆ పాత సామాన్ల కొట్టాయనకి ఎవరు చెప్పుంటారు?

మన డెల్టాలో సీసియంకి ఏం పని?

కోనసీమలో చమురు బావి తవ్వాక, కింద రాయిలో ఏముందో పైనుంచి చూసి చెప్పలేం. అందుకే పరికరాల్ని కేబుల్‌కి కట్టి బావిలోకి దింపుతారు. దీన్నే వెల్ లాగింగ్ అంటారు. ఆ పరికరాల్లో ఒకదాంట్లో సీసియం-137 ఉంటుంది. దాన్నుంచి వచ్చే గామా కిరణాలు రాయిలోని ఎలక్ట్రాన్లకి తగిలి చెదురుతాయి. కొన్ని వెనక్కి తిరిగి డిటెక్టర్‌ని చేరతాయి. రాయి ఎంత చిక్కగా ఉంటే అంత తక్కువ తిరిగొస్తాయి. ఆ లెక్కతో రాయి సాంద్రత, దాన్నిబట్టి అందులో గ్యాసో చమురో నిలవుండడానికి ఎంత ఖాళీ ఉందో తెలుస్తుంది. మనం ఫస్టియర్‌లో చదివి మర్చిపోయిన కాంప్టన్ స్కాటరింగే ఇది!

పని బావి దగ్గర, సోర్సు దాచేది బేస్‌లో. కాబట్టి ఈ సోర్సులు సీసం లాంటి బరువైన లోహపు కవచంలో కూర్చుని మన రోడ్ల మీదే ప్రయాణం చేస్తుంటాయి. కవచంలో ఉన్నంతసేపూ భయం లేదు. సోర్సు కూడా స్టీలు గొట్టంలో సీలు చేసి ఉంటుంది. చిక్కంతా అది లెక్కలోంచి తప్పిపోయినప్పుడే.

ఎంత ప్రమాదం?

లాగింగ్‌లో వాడే సీసియం సోర్సు సాధారణంగా 2 క్యూరీల దరిదాపుల్లో ఉంటుంది. కవచం లేకుండా అలాంటిదాని పక్కన 1 మీటరు దూరంలో నిలబడితే గంటకి సుమారు 6 మిల్లీసీవర్ట్‌ల డోసు. మామూలు జనానికి, సహజంగా వచ్చేది కాకుండా, ఏడాది మొత్తానికి పెట్టిన పరిమితి 1 మిల్లీసీవర్ట్. అంటే ఏడాది కోటా పది నిమిషాల్లో అయిపోయింది. అదే 10 మీటర్లు వెనక్కి జరిగితే డోసు నూరో వంతుకి పడిపోతుంది. దూరం పెరిగేకొద్దీ వర్గంలో తగ్గుతుంది కాబట్టి. వెనక్కి నడవడానికి పైసా ఖర్చు లేదు.

అదే సూత్రం తిరగేస్తే భయం. చేతిలోకి తీసుకుంటే కొన్ని నిమిషాల్లోనే చర్మం దెబ్బతినొచ్చు. అప్పటికప్పుడు మంట ఉండదు, వేడి తెలీదు. పుండు రోజులు, వారాలు గడిచాక బయటపడుతుంది. 1995లో పాశర్లపూడి బ్లోఅవుట్ మంట 65 రోజులు మండింది. ఆ మంటని జనం కళ్ళారా చూశారు, దూరం జరిగారు. దీనికి మంట లేదు, వాసన లేదు, చప్పుడు లేదు. పైగా సీసియం-137 అర్ధాయువు 30 ఏళ్ళు. 2020లో పోయినది దొరక్కపోయుంటే 2050కి కూడా సగం బలంతో ఉండేది.

ఇంకో ముఖ్యమైన తేడా. సీలు చెక్కుచెదరని సోర్సు పక్కన ఉన్న మనిషికి డోసు తగులుతుంది తప్ప, ఆ మనిషి రేడియోధార్మికంగా మారిపోడు. అతన్ని ముట్టుకుంటే మనకి అంటుకోదు. కానీ గ్యాస్ కట్టర్‌తో కోసి సీలు బద్దలుకొడితే లోపలి పదార్థం బట్టలకీ చేతులకీ నేలకీ అంటుకుంటుంది. అప్పుడు అది ఊరి సమస్య.

ఆ ఊరి సమస్య ఎలా ఉంటుందో బ్రెజిల్‌లోని గోయానియా చూసింది. 1987లో ఖాళీ చేసి వదిలేసిన ఆస్పత్రి భవనంలోంచి ఇద్దరు ఒక పాత క్యాన్సర్ చికిత్స యంత్రం భాగాన్ని ఎత్తుకుపోయి పాత సామాన్ల కొట్టుకి అమ్మారు. లోపల సీసియం పొడి నీలంగా మెరిసింది. ముచ్చటపడి చుట్టాలకీ పక్కాలకీ పంచారు. నలుగురు చనిపోయారు. లక్షా పన్నెండు వేలమందిని పరీక్ష చెయ్యాల్సొచ్చింది. మన దేశంలో 2010లో ఢిల్లీ మాయాపురిలో జరిగింది. ఒక యూనివర్సిటీ ల్యాబ్‌లో ఏళ్ళ తరబడి వాడకుండా పడున్న కోబాల్ట్-60 యంత్రాన్ని వేలంలో తుక్కు కింద అమ్మేశారు. కొట్లో దాన్ని విప్పారు. ఒకరు చనిపోయారు, ఇంకొందరు ఆస్పత్రి పాలయ్యారు.

గోయానియా, మాయాపురి, కలిదిండి. మూడు చోట్లా సోర్సు చివరికి చేరింది పాత ఇనప కొట్టుకే.

ప్లాన్ ఉందా?

ఉంది. లైసెన్సులు, తనిఖీలు అణుశక్తి నియంత్రణ మండలి చూస్తుంది. సోర్సు వాడే ప్రతి సంస్థా శిక్షణ పొందిన రేడియేషన్ సేఫ్టీ అధికారిని పెట్టుకోవాలి. లోపలికి వచ్చేటప్పుడూ బయటికి వెళ్ళేటప్పుడూ సర్వే మీటరు పెట్టి, డబ్బా ఉందా అనే కాదు, డబ్బాలో సోర్సు ఉందా అని చూసుకోవాలి. పోతే వెంటనే పోలీసులకీ మండలికీ చెప్పాలి. జిల్లా స్థాయిలో విపత్తుల బాధ్యత కలెక్టరుది. బార్క్ నిపుణులు వస్తారు. మనకి దగ్గర్లోనే, గన్నవరం పక్కన కొండపావులూరులో ఎన్‌డీఆర్‌ఎఫ్ 10వ బెటాలియన్ ఉంది. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2009లోనే అణు, రేడియోధార్మిక ప్రమాదాల మీద మార్గదర్శకాలు ఇచ్చింది.

గమనించారా? పుస్తకం 2009లో వచ్చింది, మాయాపురి 2010లో జరిగింది. ఆ పుస్తకం చదవాల్సినవాళ్ళు చదివే ఉంటారు. గ్యాస్ కట్టర్ పట్టుకున్న కుర్రాడి దాకా అది రాలేదు. మన కాంటింజెన్సీ ప్లాన్‌లన్నీ అధికారి నుంచి అధికారికి ఫోన్ ఎలా వెళ్ళాలో చెప్తాయి. సోర్సుని మొట్టమొదట చేత్తో పట్టుకునే మనిషికి మాత్రం తను ప్లాన్‌లో ఉన్నట్టే తెలీదు.

అతనికి చెప్పాల్సింది ఇంతే:

1. సైజుకి మించిన బరువు, తాళం వేసిన గట్టి డబ్బా, పసుపు మీద మూడు రేకుల ఫ్యాన్ లాంటి గుర్తు. వీటిలో ఏది కనబడినా కొనొద్దు, విప్పొద్దు, కొయ్యొద్దు, కరిగించొద్దు.

2. అక్కడినుంచి అందర్నీ కనీసం 30 మీటర్లు దూరం పంపాలి. మంటలు, పొగ ఉంటే 300 మీటర్లు.

3. 112కి ఫోన్ చేసి ఆ గుర్తు ఎలా ఉందో చెప్పాలి.

4. ఇప్పటికే ముట్టుకునుంటే చేతులు కడుక్కోవాలి. పరీక్ష అయ్యేదాకా ఏమీ తినకూడదు, చుట్టా బీడీ కాల్చకూడదు. భయపడి పారిపోకూడదు.

5. ఎవరికైనా దెబ్బ తగిలితే ముందు ఆస్పత్రికి. రేడియేషన్ భయంతో ప్రాణాన్ని ఆపకూడదు. డాక్టరుకి మాత్రం విషయం చెప్పాలి.

వాట్సాప్‌లో తిరిగే అయొడిన్ మాత్రలు ఇక్కడ పనికిరావు. అవి రేడియోధార్మిక అయొడిన్ నుంచి థైరాయిడ్‌ని కాపాడడానికి. ఒంట్లోకి వెళ్ళిన సీసియంకి ప్రష్యన్ బ్లూ అనే మందుంది, అదీ డాక్టరే ఇవ్వాలి.

ఇది రాసేముందు మా వీధి చివర పాత సామాన్ల కొట్టుకి వెళ్ళి, ఫోన్లో మూడు రేకుల గుర్తు చూపించాను. "ఇదేంటో తెల్సా బాబాయ్?"

కాసేపు తేరిపార చూసి, "ఫ్యానేవోనండి" అన్నాడు. "సీసం డబ్బా అయితే కొంటానండి. మంచి రేటుంది."

ఆయన తప్పేం లేదు. సీసానికి నిజంగానే మంచి రేటుంది. విషయం చెప్పాక, "అయితే ఇది మా గోడకంటించండి, కుర్రోళ్ళు చూత్తారు" అన్నాడు.

అందుకే మన క్లబ్ తరఫున ఒక పోస్టరు వేద్దామనుకుంటున్నాం. పైన రాసిన అయిదు ముక్కలు, పెద్దక్షరాల్లో, మన గోదారి తెలుగులో. బొమ్మ వేయగలిగినవాళ్ళు చెప్పండి. రావులపాలెం, అమలాపురం, భీమవరం, తణుకు నుంచి వచ్చేవాళ్ళు ఈసారి ఇంటికెళ్ళేటప్పుడు తలా నాలుగు కాపీలు పట్టుకెళ్ళి, మీ ఊరి పాత ఇనప కొట్టు గోడకి అంటించి రండి.