ఇంగ్లీషు మాటల్లో భుజానికి అన్ని అర్థాలు ఎందుకు?

భుజాన్ని తెలిపే ‘షోల్డర్’ అనే ఇంగ్లీషు పదానికి జర్మన్ భాషలోని ‘షుల్టర్’ సోదర పదం. బరువు మోయడానికీ, అడ్డువచ్చినవారిని నెట్టడానికీ, ఇష్టంలేనివారి నుంచి పక్కకు తిరగడానికీ పనికివచ్చే అవయవం భుజమే కనుక, బాధ్యత, తగవు, నిరాదరణ అనే వేర్వేరు భావాలు దాన్ని ఆశ్రయించాయి.

బాధ్యత తలకెత్తుకోవడాన్ని ‘షోల్డర్’ అనే క్రియతోనే చెబుతారు. ముభావంగా దూరం పెట్టడాన్ని సూచించే ‘కోల్డ్ షోల్డర్’ అనే పలుకుబడి, వాల్టర్ స్కాట్ 1816లో ప్రచురించిన ‘ది యాంటిక్వరీ’ నవలలో స్కాట్లాండ్ మాండలిక రూపంలో కనిపిస్తుంది. వద్దనుకున్న అతిథికి చల్లారిన మాంసం వడ్డించడం నుంచి ఇది పుట్టిందనే కథ వినసొంపుగా ఉన్నా, దానికి గట్టి ఆధారం లేదు. ‘చిప్ ఆన్ ద షోల్డర్’ సంగతి అలా కాదు: 19వ శతాబ్దపు అమెరికాలో కయ్యానికి కాలుదువ్వే కుర్రవాడు భుజంపై చెక్కపేడు పెట్టుకొని, చేతనైతే పడగొట్టమని ఎదుటివాడిని రెచ్చగొట్టేవాడు కాబట్టి, ఎప్పుడూ ఏదో అన్యాయం జరిగిందన్న కోపంతో రగిలేవారికి ఆ మాట స్థిరపడింది.

మహానుభావుల భుజాలపై నిలబడి దూరం చూడటమనే భావన న్యూటన్ లేఖ వల్ల ప్రసిద్ధమైనా, అది 12వ శతాబ్దపు ఫ్రాన్స్ పండితుడు బెర్నార్డ్ ఆఫ్ షార్ట్ర్‌దిగా చెబుతారు. రహదారి ఇంజనీర్లు వాహనాలు నడిచే భాగానికి ఆనుకొని, దాని అంచుకు దన్నుగా ఉంటూ, చెడిపోయిన బండి ఆగడానికి వీలిచ్చే పట్టీని కూడా ‘షోల్డర్’ అనే అంటారు.