అతుకుల విద్య

మన భాషలో 'అతుకుల బొంత' యను మాట నిందార్థమున వాడబడుచున్నది. పొందిక లేని కావ్యమును, తిన్నగా సాగని ఉపన్యాసమును అతుకుల బొంత యని పరిహసింతుము. కాని ఆ బొంతను కుట్టిన ఇల్లాలిని అడిగి చూడుడు. ఏ ముక్క ఎచ్చట నిలుచునో, ఏ దారము ఎంత లాగుడు నోర్చునో, ఏ చిరుగు కుట్టునకు లొంగదో ఆమె యెరుగును. ఆ ఎరుక యొక విద్య. ఆ విద్య నేటికిని బ్రదికియున్న తావులలో పాత లారీల మరమ్మతు ఒకటి.

మన దేశమున డీజిలు లారీల నిర్మాణమునకు పెద్ద చరిత్ర లేదు. రైలింజనులు చేయుటకై 1945లో జంషెడ్‌పూరున నెలకొన్న టాటావారి సంస్థ, 1954లో జర్మనీ దేశపు డైమ్లర్ బెంజివారితో ఒడంబడిక చేసికొని లారీల నిర్మాణమునకు దిగినది. ఆ ఒడంబడిక 1969తో ముగిసినది. మదరాసున 1948లో మొదలైన అశోక్ మోటార్సు 1955లో అశోక్ లేలాండు అయినది. ఇంజనులోనికి డీజిలును చిమ్ము పంపులు చేయు మైకో సంస్థ 1951లో బెంగుళూరున వెలసినది. ఈ యినుప బండ్లను బాగుచేయువారి కొరకు విజయవాడలో 1960లలో ఆటోనగరు అను పేటయే పుట్టినది. అయినను బండి చెడునప్పుడు ఆటోనగరు ఎంత దూరమున నున్నదో చూచి చెడదు. చెట్టు క్రింద చెడును, చేతిలో ఏమియు లేనినాడు చెడును. అతుకుల విద్య పుట్టినది అచ్చటనే.

గడచిన ఫాల్గుణమాసమున ఒక ఆదివారము, పల్నాటి ప్రాంతమున మా బంధువుల గ్రామములో ఆ విద్యను ప్రొద్దుననుండి ప్రొద్దుగ్రుంకువరకు చూచు భాగ్యము నాకు కలిగినది. వేపచెట్టు నీడను నిలిపియున్న ఆ టాటా లారీ, ముక్కువలె ఇంజనుగది ముందునకు పొడుచుకొనివచ్చిన పాతకాలపు బండి. యజమానికి అరువదియైదేండ్లు దాటినవి. నలుబదియేండ్లు తానే తోలి, ఇప్పుడు అల్లుని చేతికి చక్రమిచ్చినాడు. సోమవారము వేకువన ఊరి మిరపకాయల టిక్కీలను గుంటూరు యార్డునకు చేర్చవలెను. ఆ కిరాయితోనే నెలాఖరునకు బండి బీమా కట్టవలెను. బీమా లేని బండి రోడ్డెక్కరాదు. ఆదివారమగుటచే సామానుల అంగళ్లు మూసియున్నవి. ఇంటనున్న వస్తువులతోనే పని గడుపుకొనవలెను.

మొదటి పని కమాను కట్టది. ఇరుసునకు చట్రమునకు నడుమనుండి బరువు మోయు ఉక్కురేకుల దొంతరకు ఆ పేరు. విల్లువలె వంగియుండుటచే కమాను, ఒకదానిపై ఒకటి పేర్చి బిగించుటచే కట్ట. పారసీకపు మాటను తెలుగు మాటను ఇంత పొందికగా కూర్చిన ఆ సమాసకర్త ఏ వ్యాకరణమును చదివియుండడు. వెనుక కుడివైపు కట్టలో మూడవ రేకు విరిగియున్నది. ఎన్నడో అమ్మివేసిన మరియొక లారీ రేకులు కొన్ని దొడ్డిలో పడియుండగా అల్లుడు వానిలోనొకటి తెచ్చి కొలిచినాడు.

"మామా, ఇది జానెడు పొడుగుంది."

"పొడుగుంటే కోసుకోవచ్చురా. పొట్టిదైతే ఏం చేస్తాం?"

రేకు కమ్మరి కొలిమికి చేరినది. జీవితమంతయు లారీ రేకులను గొడ్డళ్లుగా, కొడవళ్లుగా మార్చిన చేతులవి. గొడ్డలికైనచో రేకునంతయు ఎఱ్ఱగా కాల్చి సాగగొట్టవచ్చును. ఇచ్చట ఆ పని కూడదు. ఉక్కునకు వంగి మరల లేచు గుణము, కాచి చల్లార్చిన పదునువలన వచ్చినది. నడుమ భాగము మరల కాలినచో ఆ పదును పోవును; బరువెక్కిన వెంటనే రేకు కుంగిపోవును. అందుచే కమ్మరి తడిగోనెను రేకునకు చుట్టి, కొసను మాత్రమే కాల్చి, ఉలితో నరికినాడు. తెచ్చిన రేకును కట్టలో చేర్చి, నడిమి బోల్టు దూర్చి, యూబోల్టులు బిగించునప్పటికి పదకొండయినది. "బరువెక్కి పది మైళ్లు నడిచాక మళ్లీ బిగించాలి. మరిచిపోకు" అని వృద్ధుడు హెచ్చరించినాడు. కొత్తగా కూర్చిన రేకులు బరువునకు సర్దుకొనును, అప్పుడు బిగువు సడలును.

రెండవది రేడియేటరు. సూదిమొన యంత రంధ్రమునుండి నీరు ఊరుచున్నది. క్లీనరు పిల్లవాడు వంటింటిలోనికి పోయి పసుపు డబ్బా తెచ్చినాడు. ఇది లారీలవారి పాత వైద్యము. నీటిలో కలిసిన పసుపు రంధ్రము చేరి, పేరుకొని, దానిని పూడ్చును. పెద్దాయన ఆ డబ్బాను తిరిగి పంపివేసినాడు.

"దారిలో అయితే అదే పోసేవాణ్ణి. ఇంటి దగ్గర ఉండి పసుపెందుకు? అది చిల్లినే కాదు, సన్న గొట్టాల్నీ పూడ్చుద్ది. ఎండలో బండి కాగిపోద్ది."

మాట్లు వేయు మనిషికి కబురు వెళ్లినది. పూర్వము బిందెలకు మాట్లు వేయువారు వీధివీధిని తిరిగెడివారు. ప్లాస్టిక్కు బిందెలు వచ్చినపిదప వారి కేక మన వీధులలో అరుదైపోయినది. ఈ యూరిలో ఒకడు మిగిలియున్నాడు. అతడు రంధ్రము చుట్టును గీకి మెరుగుపెట్టి, నవాసారము రాచి, తగరమును సీసమును కలిపిన కడ్డీని కరగించి చుక్క వేసినాడు. బిందెకు వేసిన మాటు, రేడియేటరునకు వేసిన మాటు ఒక్కటియే. విద్యకు పాత్రతో నిమిత్తము లేదు.

నీటి పంపును విప్పినప్పుడు దాని అంచున నున్న ప్యాకింగు చినిగినది. రెండు లోహపు అంచుల నడుమ అట్టముక్క లేనిదే నీరు నిలువదు. "మాస్టారూ, మీ దగ్గర గట్టి అట్టేమైనా ఉందా?" అని అల్లుడు నన్నడిగినాడు. దిద్దుటకు తెచ్చుకొన్న పరీక్షపత్రముల కట్టకు వేసిన అట్టను ఊడదీసి యిచ్చితిని. అతడు దానిని పంపు అంచుపై పరచి, సుత్తితో మెల్లగా తట్టుచు పోయినాడు. లోహపు అంచే కత్తెరయై అట్టను కోసినది. బోల్టుల కన్నములుకూడ అట్లే తెగినవి. గ్రీజు పూసి బిగించినారు. విద్యార్థుల తప్పులను మోయుచుండిన ఆ యట్ట ఇకమీదట ఇంజను నీటిని కాయును.

భోజనానంతరము ఇంజను వంతు వచ్చినది. టాటావారు దానికి 697 అని పేరిడిరి. ఆరు సిలిండర్లు, ఒక్కొక్కదాని వ్యాసము 97 మిల్లీమీటర్లు, సంఖ్యయే నామమైనది. డీజిలు ఇంజనులో నిప్పురవ్వతో పని లేదు. గాలిని గట్టిగా నొక్కగా పుట్టిన వేడికే చిమ్మబడిన నూనె మండును. అందుచే ఇట్టి పాత ఇంజను ఒకసారి కదలినదా, బ్యాటరీ చచ్చినను నడచును. దాని శత్రువు గాలి బుడగ. నూనె ఫిల్టరు కడిగి బిగించునప్పుడు గొట్టములలో గాలి చొరబడినది. నూనె నొక్కుడునకు ఒదుగదు, గాలి ఒదుగును. బుడగ యున్నంతవరకు పంపు త్రోపు అంతయు దానిని నలుపుటలోనే పోవును. నూనె ముందునకు పోదు. క్లీనరు చేతిపంపును కొట్టుచుండగా అల్లుడు మర సడలించి చూచుచుండెను. మొదట నురుగు, పిదప బుడగలు, తుదకు తేటనూనె. మర బిగించి తాళము త్రిప్పగనే వేపచెట్టు మీది పిచ్చుకలు లేచిపోయినవి. వృద్ధుడు కన్నులు మూసికొని చప్పుడు వినినాడు; ఆరు సిలిండర్లు సమముగా పలుకుచున్నవని తల యూపినాడు.

అప్పటికి నాలుగైనది. పని ముగిసినదని అందరు తలచిరి. బండిని నాలుగడుగులు నడిపి ఆపినప్పుడు, ముందు ఎడమ చక్రము లోపలి వైపున తడి కనబడినది. వృద్ధుడు వ్రేలితో తాకి వాసన చూచినాడు. అది బ్రేకునూనె. బ్రేకును పనిచేయించునది కూడ ఒదుగని నూనెయే. కాలితో త్రొక్కిన బలమును గొట్టముగుండ చక్రమునకు మోసికొనిపోవును. అచ్చటి రబ్బరు బిళ్ల అరిగినది. చిటికెనవ్రేలంత వస్తువు, కాని అది ఊరిలో లేదు, ఆదివారమునాడు పట్టణమున దొరకదు.

"మామా, ఆ చక్రానికి పోయే గొట్టాన్ని నొక్కి మూసేద్దాం. నూనె కారదు. మిగతా చక్రాలకి బ్రేకు పడుద్దిగా. తెల్లారేసరికి గుంటూరులో ఉంటాం."

అల్లుడు చెప్పినది జరుగని పని కాదు. రోడ్లమీద అట్లు చేసికొని ఇల్లు చేరినవారు కలరు. వృద్ధుడు చాలసేపు పలుకలేదు. ప్రొద్దుటినుండి రేకు కోయించినవాడు, అట్టతో పంపు మూయించినవాడు ఆయనయే. బీమా గడువు ఆయనకు తెలియనిదియు కాదు.

"కమాను విరిగితే ఆగుతాం. నీళ్లు కారితే ఆగుతాం. నూనెలో గాలి పట్టినా ఆగుతాం. ఇది పోతే ఆగం. ముందు చక్రం ఒక్కటే పట్టుకుంటే బండి పక్కకి లాగుద్ది. ఆ పక్కన ఎవరుంటారో నీకు తెలుసా, నాకు తెలుసా?"

అల్లుడు మారు పలుకలేదు. ఫోను తీసి, టిక్కీలు వేరొక బండిలో వేసికొనుమని రైతుతో చెప్పినాడు. కిరాయి పోయినది. రబ్బరు బిళ్ల మరునాడు నరసరావుపేట అంగడిలో దొరికినది. బీమాసొమ్మును చేబదులు తెచ్చి కట్టిరని తరువాత తెలిసినది.

2020 ఏప్రిలు 1 నుండి మన దేశమున అమ్మబడు కొత్త లారీలు బి.ఎస్.6 ప్రమాణములకు లోబడవలెను. వానిలో నూనె చిమ్ముటను కంప్యూటరు శాసించును. దోషమును కనుగొనుటకు కమ్మరి, మాట్లమనిషి చాలరు. అవి వదలు పొగ తక్కువ. ఊరి యూపిరితిత్తులకు అది మేలు. ఎనిమిదేండ్లు దాటిన రవాణా బండికి ఏటేట సామర్థ్యపరీక్ష కలదు, అదియు ఉండదగినదే. పాత లారీలు ఒక్కటొక్కటిగా తుక్కునకు పోవును. వానికై విలపింపనక్కరలేదు.

కాని వానితోకూడ పోనీయరానిది ఒకటి కలదు. లోపమును దాచు అతుకు వేరు, లోపమును తీర్చు అతుకు వేరు. మనలను దారిలో నిలుపు లోపము వేరు, ఎదుటివాని ప్రాణము తీయు లోపము వేరు. ఈ భేదమును ఏ యంత్రమును మనకు బదులుగా నిర్ణయింపదు. వంతెన కట్టువాడును, మందు కలుపువాడును, పాఠము చెప్పువాడును ఉన్నవానితోనే పని గడుపుకొను దినములు తప్పవు. ఆ దినమున దేనిని అతికింపవచ్చునో తెలిసికొనుట నేర్పు. దేనిని అతికింపరాదో తెలిసి, నష్టమునకు ఒప్పుకొని, బండిని చెట్టు క్రిందనే నిలిపియుంచుట ధర్మము.