లారీ గొంతులో నలుసు

పంపు స్టౌ మీద వంట చేసిన తరం వాళ్ళకు, నిపుల్లో నలుసు పడితే ఎంత అవస్థో వేరే చెప్పనక్కరలేదు. కిరసనాయిలు నిండుగానే ఉంటుంది. పంపు కొడితే గాలీ నిండుతుంది. మంట మాత్రం పచ్చగా లేచి గిన్నెలకు మసి పట్టిస్తుంది. పిన్నుతో ఒక్క పోటు పొడిస్తే మళ్ళీ నీలిమంట! సరిగ్గా ఇటువంటి జబ్బే లారీకీ వస్తుందనీ, అయితే దానికి పిన్ను పోటు పనికిరాదనీ నిరుడు వేసవిలో నందిగామ దాపున, నడిరోడ్డు మీద నాకు తెలిసివచ్చింది.

మా అమ్మాయికి హైదరాబాదు బదిలీ అయింది. విజయవాడలో సామాను లారీకెత్తించి, నేనూ డ్రైవరు పక్కన కూర్చున్నాను. డ్రైవరే ఆసామి. అప్పు చేసి కొన్న బండి. నెలనెలా వాయిదా కట్టుకోవాలి. ఊరు దాటినప్పటినుంచీ బండి ధోరణి నాకు నచ్చలేదు. చదును రోడ్డు మీద బాగానే పోతున్నది. వంతెన ఎక్కవలసివస్తే మాత్రం ఆయాసపడుతున్నది.

"బరువు ఎక్కువయిందేమోనయ్యా?" అన్నాను.

"బీరువా, నాలుగు మంచాలు... ఇదొక బరువా సార్!" అని నవ్వాడు. కాని ఆ నవ్వులో ధైర్యం లేదు. నందిగామ ఇంకా నాలుగు కిలోమీటర్లుందనగా ఇంజను రెండుసార్లు దగ్గి, ఊరుకున్నది.

"ఫిల్టరు సార్! మూసుకుపోయింది," అన్నాడు డ్రైవరు. అంటూనే సీటు కింద నుంచి అట్టపెట్టెలో ఉన్న కొత్త ఫిల్టరు తీశాడు. కొని రెండు నెలలయిందట! ఈ ట్రిప్పు అయ్యాక వేద్దాం, ఆ ట్రిప్పు అయ్యాక వేద్దాం అనుకుంటూ రోజులు గడిపేశాడు.

ఇంతకూ ఈ ఫిల్టరు చేసే పని ఏమిటి? మన ఇంట్లో కాఫీ ఫిల్టరు చేసే పనే. టాంకులోని డీజిలు ఇంజనుకు పోయేముందు దీనిలోని కాగితపు మడతలగుండా వడకట్టబడుతుంది. దుమ్మూ, తుప్పూ అక్కడే ఆగిపోతాయి. సగం ఖాళీగా ఉన్న టాంకులో రాత్రి చల్లదనానికి గాలిలోని తేమ నీటిబొట్లయి అడుగుకు దిగుతుంది. ఆ నీటికీ డీజిలుకూ నడుమ సూక్ష్మజీవులు పెరిగి జిగురు తయారవుతుంది. ఆ జిగురు కాగితాన్ని పూర్తిగా మూసేస్తుంది. ఖాళీ బండికి కొద్దిపాటి డీజిలు అందినా చాలు. ఎత్తు ఎక్కేటప్పుడు ఎక్కువ కావాలి. అది అందదు. అందుకే ఆ ఆయాసం!

ఇంత వడపోత ఎందుకంటారా? రుడాల్ఫ్ డీజిల్ అనే జర్మన్ ఇంజనీరు 1897లో ఆగ్స్‌బర్గ్‌లో తన ఇంజను నడిపి చూపించాడు. డీజిలును సన్నని తుంపరగా చిమ్మే పంపును బాష్ కంపెనీ 1927లో పెద్దయెత్తున తయారు చేయడం మొదలుపెట్టిన తరువాతనే ఆ ఇంజను లారీలలో బాగా వ్యాపించింది. మన దేశంలో జంషెడ్‌పూరు నుంచి టాటావారి డీజిలు లారీలు 1954లో బయటికి వచ్చాయి. ఆనాటి పంపులు నాజిల్‌కు పంపే డీజిలు ఒత్తిడి గాలి ఒత్తిడికి సుమారు 200 రెట్లు. నేటి లారీలలో అది 1600 రెట్లకు పైమాటే. అంత ఒత్తిడి నిలవాలంటే పంపులోని భాగాల మధ్య సందు రెండు మూడు మైక్రాన్లకు మించరాదు. మన తలవెంట్రుక మందమే సుమారు 70 మైక్రాన్లు! ఇక కంటికి కనపడని ఇసుక రేణువైనా ఆ పంపుకు బండరాయే గదా. పైగా పంపుకు డీజిలే కందెన. డీజిలు అందకపోతే లోహం లోహాన్ని రాసుకుని అరిగిపోతుంది. ఆ రజను నాజిళ్ళదాకా పాకుతుంది.

సరే, కథకు వద్దాం. ఫిల్టరు విప్పడానికి అడ్డంగా ఉన్న పైపు ఊడదీయాలి. పాత లారీలలో ఇది ఇనుప పైపు. చివర బ్యాంజో బోల్టు, దానికి అటూ ఇటూ రాగి వాషర్లు. పానా ఉంటే చాలు. ఇప్పటి బండ్లలో నైలాన్ పైపు, చివర ప్లాస్టిక్ కనెక్టరు, దాని లోపల రబ్బరు రింగు. క్లీనరు కుర్రవాడు దాన్ని లాగాడు. రాలేదు. స్క్రూడ్రైవరు దూర్చి ఎత్తాడు. టప్పుమన్నది! క్లిప్పు ఎగిరి గడ్డిలో పడింది. కనెక్టరు నిలువునా చీలింది.

డ్రైవరు మొహం చూడలేకపోయాను. క్లీనరు మాత్రం చలించలేదు. చీలిక మీద సబ్బు మెత్తి, సైకిలు ట్యూబు ముక్క బిగించి కట్టాడు. కొత్త ఫిల్టరూ వేశారు. ఇంజను అందుకున్నది. "చూశారా సార్!" అన్నాడు కుర్రవాడు. రెండు నిమిషాలలో మళ్ళీ ఆగిపోయింది. విచిత్రమేమంటే, కట్టు దగ్గర చుక్క డీజిలైనా కారలేదు.

ఫోను చేయగా, నందిగామ నుంచి ముసలి మేస్త్రీ ఒకాయన మోటారు సైకిలు మీద వచ్చాడు. కట్టు చూసి చిరునవ్వు నవ్వాడు.

"కారడం లేదు మేస్త్రీ గారూ!" అన్నాడు డ్రైవరు.

"కారదు నాయనా. ఇది టాంకు నుంచి డీజిలు పీల్చుకునే వైపు. చీలిక ఉంటే లోపలిది బయటికి రాదు, బయటి గాలి లోపలికి పోతుంది. చిల్లుపడ్డ గొట్టంతో కొబ్బరినీళ్ళు తాగి చూడు, నోట్లోకి గాలే వస్తుంది. ఇక ఈ ట్యూబు రబ్బరంటావా, డీజిలుకు ఉబ్బి మెత్తబడుతుంది. రాత్రివేళ ఘాటుమీద జారిపోతే ఏం చేస్తావు?"

ఆయన మొదట చేసిన పని ఆ చుట్టుపక్కలంతా బ్రష్షుతో దులిపి, శుభ్రమైన గుడ్డతో తుడవడం. తరువాత చీలిన కనెక్టరు తీసేసి, నైలాన్ పైపు చివర బ్లేడుతో సమంగా కోశాడు. అదే కొలత గల కొత్త కనెక్టరు తన పెట్టెలోంచి తీశాడు. ఎదుటి టీ కొట్టు నుంచి వేడినీళ్ళు తెప్పించి, పైపు కొసను అందులో ముంచి మెత్తబరిచాడు. "నిప్పు చూపించకూడదు, పైపు పాడవుతుంది" అంటూ కనెక్టరు మొలను లోపలికి దిగగొట్టాడు. తరువాత దాన్ని ఫిల్టరు వైపు నొక్కితే 'టిక్కు'మన్నది. ఒకసారి వెనక్కు లాగి చూశాడు. కదలలేదు.

"ఊడదీసేటప్పుడు ముందు లోపలికి నొక్కాలిరా అబ్బాయ్. అప్పుడు పట్టు వదులవుతుంది. రెండువైపులా చెవులు నొక్కి, తిన్నగా లాగితే వస్తుంది. రాకపోతే మట్టి పట్టిందన్నమాట. కడిగి మళ్ళీ చూడాలి. బలం ఎక్కడా పనికిరాదు."

ఫిల్టరును కూడా విప్పి సరిచూశాడు. రబ్బరు రింగుకు మంచి డీజిలు రాసి, చేత్తో తిప్పి, రింగు ఆనిన తరువాత ఇంకో ముప్పాతిక చుట్టు మాత్రం బిగించాడు. క్లీనరు డబ్బాలోని డీజిలు ఫిల్టరులో పోయబోతే వారించాడు. వడకట్టని డీజిలు పోస్తే, ఇక ఫిల్టరు వేసిన ఫలమేమిటి? చేతి పంపు నొక్కుతూ, పైన మర వదులు చేశాడు. మొదట నురుగు, తరువాత బుడగలు, చివరకు తేటగా డీజిలు వచ్చింది. అప్పుడు మర బిగించాడు. దీన్నే 'ఎయిర్ తీయడం' అంటారు.

కుర్రవాడు పానా తీసుకుని నాజిల్ పైపుల వైపు పోయాడు. మేస్త్రీ చటుక్కున వాడి చెయ్యి పట్టుకున్నాడు. "పాత బండి అనుకున్నావా? ఇంజను తిరుగుతుండగా ఇది వదులు చేస్తే డీజిలు సూదిలా చర్మంలోకి దిగుతుంది. పైకి చిన్న చుక్కే కనిపిస్తుంది. ఆస్పత్రికి ఆలస్యమైతే వేలు పోతుంది, చెయ్యీ పోవచ్చు!" కుర్రవాడు పానా కింద పెట్టేశాడు.

ఈసారి ఇంజను ఆగలేదు. మేస్త్రీ పావుగంట నడిపించి, అతుకులన్నీ తడిమి చూసి మరీ డబ్బు తీసుకున్నాడు.

"పంపుకు ఏమీ కాలేదు గదా?" అన్నాడు డ్రైవరు. బండి ఆగినప్పటినుంచీ అతని గొంతులో అడ్డుపడి ఉన్న ప్రశ్న అదే. పంపూ నాజిళ్ళూ పోతే ఎన్ని నెలల వాయిదాలు అందులో కలిసిపోయేవో!

"ఈసారికి దక్కింది. ఫిల్టరు కొని సీటు కింద పెట్టడం మందు కొని అలమారులో పెట్టడం లాటిదే నాయనా," అన్నాడు మేస్త్రీ.

కారున్న పాఠకులకు ఒక్క మాట. పెట్రోలు బండి ఇంజను ఆపినా పైపులో ఒత్తిడి నిలిచే ఉంటుంది. దాన్ని తగ్గించకుండా కనెక్టరు విప్పితే వేడి ఇంజను మీద పెట్రోలు చిమ్మి మంట లేవవచ్చు. ఆ పని తెలిసినవాళ్ళకే వదలండి. అయితే ఫిల్టరు మార్చవలసిన గడువు మాత్రం మీరే గుర్తుంచుకోండి.

తెల్లవారుతుండగా హైదరాబాదు చేరాం. సామాను దింపుతూ మా అమ్మాయి, "ఇంత ఆలస్యమేం నాన్నా?" అన్నది. నేను బదులు చెప్పేలోగా డ్రైవరు అందుకున్నాడు: "రెండు నెలల ఆలస్యం అమ్మా! నిన్నటితో తీరింది."